ప్లీడర్ల మర్యాద

అమ్మ పోయాక, ఆమె నా పేర రాసిన వీలునామా దొంగదని అన్నయ్య రేపల్లె కోర్టులో దావా వేశాడు. నేనుంటున్న ఇంటి మీదే ఆ దావా. వీలునామా మీద సాక్షి సంతకాలు పెట్టిన ఇద్దరిలో ఒకాయన అప్పటికే పోయాడు. మిగిలింది పడవ నడిపి బతికిన మా పక్కింటి బాబాయి ఒక్కడే. ఆయన బోనెక్కి, ఆమె నా కళ్ళముందే సంతకం పెట్టిందని చెబితే ఇల్లు నాకు దక్కుతుంది. లేకపోతే సామాను రోడ్డున పెట్టుకోవాలి. కేసంతా ఇంతే.

మా ప్లీడరుది తెనాలి, అన్నయ్య ప్లీడరుది బాపట్ల. ఇద్దరూ ఒకప్పుడు ఒకే సీనియరు దగ్గర పని నేర్చుకున్నారట. వాయిదా రోజున బాబాయిని మా ఊరు నగరం నుంచి ఆటోలో ఎక్కించుకుని వెళ్ళేదాన్ని. ఆయన ఉతికిన పంచె కట్టుకుని, దారంతా ఆ సంతకాల సంగతి పూసగుచ్చినట్టు చెప్పేవాడు. తీరా వెళ్ళాక, బాపట్ల ప్లీడరుకి అక్కడ ఇంకో కేసుందనో, ఇంట్లో పెళ్ళనో ఫోనొచ్చేది. మా ప్లీడరు లేచి తమకేమీ అభ్యంతరం లేదనేవాడు. మళ్ళీ ఇంకో తేదీ. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒకసారి వరండాలో నిలబెట్టి అడిగేశాను, అభ్యంతరం ఉందంటే మీ సొమ్మేం పోయిందండీ అని.

"అట్లా అనకూడదమ్మా. రేపు మనకి అవసరం పడితే ఆయనా కాదనడు. ఇది మాలో మాకుండే మర్యాద."

ఏం మర్యాదో, ఏం పాడో! రాను రాను నాకు ఆశ చచ్చిపోయింది. కొత్త క్యాలెండరు గోడకి తగిలించబుద్ధయ్యేది కాదు.

ఈలోగా బాబాయికి మతి తప్పడం మొదలైంది. కొన్నాళ్ళు శుభ్రంగా ఉండేవాడు, కొన్నాళ్ళు పిన్నినే ఎవరమ్మా నువ్వు అనేవాడు. చివరికి ఇద్దరు ప్లీడర్లకీ కుదిరిన రోజొచ్చింది. ఆ పొద్దున ఆటోలో, ఎక్కడికి పోతున్నామని ఆయన అడుగుతూనే ఉన్నాడు. దిగీదిగగానే మా ప్లీడరు దగ్గరికి పరిగెత్తాను. సంగతి చెప్పగానే ఆయన వెళ్ళి బాపట్ల ప్లీడరుని ఒకే ఒక్క వాయిదా అడిగాడు.

బాపట్ల ప్లీడరు మా ప్లీడరు చేయి పట్టుకుని మరీ చెప్పాడు. "మీరడిగితే నేను కాదంటానా సార్. మా క్లయింటే ఈసారి ఒప్పుకోవడం లేదండి."

 మా ప్లీడరు జడ్జిగారిని అడిగితే, ఇప్పటికే చాలాసార్లు ఇచ్చామన్నారు.

బోనులో బాబాయి చేతికి వీలునామా ఇచ్చి, ఇందులో సంతకం మీదేనా అని బాపట్ల ప్లీడరు ఎంతో నెమ్మదిగా అడిగాడు. బాబాయి కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత జనంలో నన్ను వెతుక్కుని, కనపడగానే సంతోషంగా అన్నాడు.

"ఇదంతా మీ అమ్మకి తెలుసుద్ది కదమ్మా. ఆమెని తీసుకురాకపోయావా?"

జడ్జిగారు ఆ మాట కూడా టైపు చేయించారు.