ఎడమా కుడీ లేని మేడక్క

మేడక్కకు ఎడమా లేదు, కుడీ లేదు. ఉన్నవి నాలుగు దిక్కులే. అన్నం తినేటప్పుడు కూడా "ఆ నీళ్ళ చెంబు కాస్త తూర్పుకి జరుపు" అంటుంది. ఆమె కళ్ళకు గంతలు కట్టి, గోనెసంచిలో చుట్టి, గిర్రున తిప్పి పడేసినా, సంచి విప్పేసరికి ఉత్తరానికి మొహం పెట్టి కూర్చుని ఉంటుందని ఆమె మొగుడు చెబుతాడు. తను స్వయంగా తిప్పి చూశానని కూడా చెబుతాడు. అది మాత్రం పచ్చి అబద్ధం. ఆమెను సంచిలో పెట్టగల మొనగాడు ఇంకా పుట్టలేదు.

ఆమె పని మేడల మీద సోలార్ పలకలు బిగించడం. ఆ పేరు అందుకే వచ్చింది. అసలు పేరు ఓటరు కార్డుకు తప్ప ఎవరికీ గుర్తు లేదు.

ఆ పనిలో ఒక చిక్కుంది. పలక మనిషంత పొడుగు, పైన అద్దం. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి చెరో కొసా పట్టుకోవాలి. ఎదురెదురుగా నిలబడ్డాక ఒకరి ఎడమ రెండోవారికి కుడి. మొగుడూ ఒకప్పుడు అదే ముఠాలో ఉండేవాడు. ఒకనాడు ముసలి మేస్త్రి "ఎడమకి, ఎడమకి!" అని అరిచాడు. మేస్త్రి ఎడమ పక్క బోలెడు జాగా ఉంది. మొగుడి ఎడమ పక్క పిట్టగోడ కూడా లేదు. కింద ఇసుక కుప్ప ఉండబట్టి ప్రాణం దక్కింది, మోకాలు దక్కలేదు. ఇప్పుడు ఇంటి మెట్ల కింద చిన్న బంకులో తాళంచెవులు చేస్తాడు.

మర్నాడు పనిలోకి వస్తూనే మేడక్క ముఠాకంతటికీ చెప్పేసింది. "ఇకమీదట మేడ మీద ఆ రెండు మాటలూ అన్నవాళ్ళతో నేను పలక పట్టను." అప్పట్నుంచీ తూర్పుకి ఎత్తు, పడమరకి దించు, అంతే. ముసలి మేస్త్రి కూడా గొణుక్కుంటూనే అలవాటు పడ్డాడు.

ఆ మేస్త్రి నడుము పట్టేసి పని మానేశాడు. సరిగ్గా అప్పుడే ముఠా యజమానికి జర్మనీ కంపెనీ ఒకటి తగిలింది. పలకలు వాళ్ళవి, బిగింపు వీళ్ళది. మేస్త్రి అయినవాడు అక్కడి ఇంజనీరుతో ఫోనులో వాళ్ళ భాషలో నాలుగు ముక్కలు మాట్లాడగలగాలి. యజమాని ఒక టీచరమ్మను పిలిపించి, గోడౌనులోనే సాయంత్రం క్లాసు పెట్టించాడు. పరీక్షలో ఎవరు నెగ్గితే వాళ్ళే మేస్త్రి.

మేడక్క పేరిచ్చింది. యజమాని నవ్వాడు.

"నీకెందుకమ్మా ఈ తంటా? మనవల్ని ఎత్తుకునే వయసులో జర్మనా?"

"పలకలెత్తే వయసు దాటలేదుగా అయ్యా. మనవలు ఇంకా తేలిక."

యజమాని మేనల్లుడూ పేరిచ్చాడు. ఒడ్డూ పొడుగూ ఉన్న కుర్రాడు, చేతికి మెరిసే గడియారం. మేడ ఎక్కినప్పుడల్లా మొదట ఫోటో దిగి తర్వాత పని మొదలుపెడతాడు. చెడ్డవాడు కాదు. తను మేస్త్రి అవుతాడన్న సంగతి పుట్టినప్పుడే తెలిసినవాడిలా ఉంటాడు, అదొక్కటే లోటు.

క్లాసు మొదలైంది. ఆ భాషలో ప్రతి వస్తువుకూ ఆడో మగో తేల్చాలట. బల్ల మగది, తలుపు ఆడది. ఆడపిల్ల మాత్రం ఆడా కాదు మగా కాదు. "కన్నవాళ్ళు ఊరుకున్నారా?" అని అడిగింది మేడక్క. టీచరమ్మ వినపడనట్టు బోర్డు తుడిచింది.

దిక్కుల పాఠం వచ్చేసరికి మేడక్క ముందు బెంచీకి మారింది. నోర్డెన్ ఉత్తరం, స్యూడెన్ దక్షిణం, ఓస్టెన్ తూర్పు, వెస్టెన్ పడమర.

"నాలుగూ మగవే," అంది టీచరమ్మ. "నాలుగింటికీ ముందు డేర్."

"నాలుగు దిక్కులూ మగాళ్ళేనా! మరి లోకం ఇలా దారి తప్పదూ!"

కానీ ఆ వ్యాకరణం ఆమెకు తెగ నచ్చింది. ఆ నోర్డెన్ అనేవాడు ఇంటిపట్టున ఉన్నంతసేపూ డేర్ అనే టోపీ పెట్టుకుంటాడు. ఉత్తరంలో ఏదైనా ఉంది అనాలంటే ఆ టోపీ మడిచి ఇమ్ అనే జేబులో దోపుకుంటాడు: ఇమ్ నోర్డెన్. ఉత్తరానికి వెళ్ళాలంటే మాత్రం టోపీ వంకీకి తగిలించి, నాఖ్ నోర్డెన్ అంటూ బోడితలతో బయల్దేరతాడు. మూలలకు వాళ్ళకు వేరే పేర్లే లేవు. ఈశాన్యం అనడానికి ఉత్తరాన్నీ తూర్పునూ కలిపి కుట్టేసి నోర్డోస్టెన్ అంటారు. "మూలకో పేరు పెట్టుకునే తీరికే లేదు పాపం," అని జాలిపడింది.

ఇల్లంతా జర్మనీ అయిపోయింది. ఉప్పుడబ్బా ఇమ్ ఓస్టెన్. మొగుడి చెప్పులు ఇమ్ వెస్టెన్. చీపురు నాఖ్ స్యూడెన్. ఒక రాత్రి మొగుడు మంచం మీదనుంచి అడిగాడు, "ఏమే, నేనెక్కడున్నాను?"

"దారికి అడ్డం."

"జర్మన్లో?"

"జర్మన్లో ఇంకా అడ్డం."

తర్వాతి పాఠం లింక్స్, రెష్ట్స్. అంటే ఎడమ, కుడి. టీచరమ్మ బోర్డు మీద బాణాలు గీయగానే మేడక్క సంచి సర్దుకుని లేచింది.

"ఎక్కడికమ్మా?"

"ఇది నేర్చుకోను."

"పరీక్షలో వస్తుంది."

"రానీండి. నా నోట రాదు."

పరీక్ష గోడౌను కింది గదిలో పెట్టారు. కిటికీ లేదు, దీపం వెలుగు తప్ప ఎండ జాడ లేదు. టీచరమ్మ ఒక ఊరి పటం బల్ల మీద పరిచింది. యజమాని, మేనల్లుడు గోడవారగా కుర్చీల్లో కూర్చున్నారు. మేనల్లుడి పరీక్ష అప్పటికే అయిపోయింది. గడగడా అప్పజెప్పాడు.

మేడక్క కళ్ళు మూసుకుంది. మెట్లు ఎటు దిగిందో, ఎక్కడ మలుపు తిరిగిందో గుర్తు చేసుకుంది. తర్వాత పటాన్ని రెండు చేతులా పట్టుకుని చరచరా తిప్పి తలకిందులు చేసింది.

"అయ్యో, ఉత్తరం పైకి ఉండాలమ్మా! బాణం చూడండి," అంది టీచరమ్మ.

"పైన దీపం ఉంది. ఉత్తరం నా వెనక ఉంది."

మేనల్లుడు ఫక్కున నవ్వాడు. టీచరమ్మ నవ్వలేదు. తనూ మెడ వంచి, తలకిందులైన ఊళ్ళోనే ప్రశ్నలడిగింది. బడి ఎక్కడుంది? నదికి ఏ దిక్కున? మేడక్క తడుముకోకుండా చెప్పింది. టోపీలు ఎక్కడివక్కడ పెట్టింది, తీయాల్సినచోట తీసింది. చివరికి మిగిలింది ఒక్క ప్రశ్న. స్టేషను నుంచి రొట్టెల దుకాణానికి ఎటు తిరగాలి?

"నాఖ్ వెస్టెన్. ఆ తర్వాత నాఖ్ స్యూడెన్."

"దారి సరిగ్గానే ఉంది. కానీ ఇది లింక్స్, రెష్ట్స్ ప్రశ్న. మీరు తప్పు చెప్పలేదు, అడిగింది చెప్పలేదు." టీచరమ్మ గొంతు తగ్గించింది. "లింక్స్ అని ఒక్కసారి అనండి చాలు. ఇద్దరూ సమానమవుతారు. అప్పుడు అనుభవం చూడమని నేనే అడుగుతాను."

యజమాని కూడా ముందుకు వంగాడు. "అనెయ్యమ్మా, నోటి ముత్యాలేం రాలిపోవు."

మేడక్క పెదవులు బిగించి కూర్చుంది. మేనల్లుడు మేస్త్రి అయ్యాడు.

ఇంటికొచ్చి చెబితే మొగుడు అరగదీస్తున్న తాళంచెవి పక్కన పెట్టాడు.

"ఒక్క మాటేగా. అనేస్తే పోయేది."

"నీ మోకాలు ఒప్పుకుంటే అనేదాన్నే."

అతను మోకాలి వైపు వంగి, చెవి ఆనించి విన్నట్టు నటించి, "ఒప్పుకోనంటోంది," అన్నాడు.

కొత్త మేస్త్రి మొదటి పని ఒక నాలుగంతస్తుల ఆసుపత్రి మేడ. పొద్దున్నే ఫోటో దిగాడు. పలక ఒక కొస తను పట్టుకున్నాడు, రెండో కొస మేడక్క పట్టుకుంది. ఎండ అద్దం మీద పడి కళ్ళలో పొడుస్తోంది.

"ఎడమకి రా అక్కా!"

మేడక్క కదల్లేదు.

"ఎడమకి!"

పాతుకుపోయింది. పలక ఇద్దరి మధ్య బిగుసుకుంది. మిగతా ముఠా బోల్టులు బిగించడం ఆపి చూస్తోంది.

"అక్కా, ఓడిపోయావు కదా. ఇప్పుడు మేస్త్రిని నేను."

"ఓడింది కింద గదిలో బాబూ. అక్కడ నువ్వు ఎడమన్నా కుడన్నా పడేది పెన్సిలే. ఇక్కడ పడేది మనిషి. కావాలంటే పనిలోంచి తీసెయ్. కానీ ముందు ఈ పలక ఎవరి చేతిలో పెడతావో చూసుకో."

కొత్త మేస్త్రి ముఠా వైపు చూశాడు. ముఠా అంతా ఒక్కసారిగా బోల్టుల వైపు చూసింది. పలక బరువుకి అతని వైపు కొస కిందికి దిగసాగింది. మెరిసే గడియారం జారి మణికట్టు కిందికి వచ్చింది. మేడక్క చేతులు మాత్రం స్తంభాల్లా ఉన్నాయి. ఆ పలకను ఆమె అలాగే పట్టుకుని మధ్యాహ్నం భోజనం కూడా చేసేదని మొగుడు తర్వాత అందరికీ చెప్పాడు. అతను ఆ మేడ ఎక్కనే లేదు.

కుర్రాడు సూర్యుడి వైపు చూశాడు. తన నీడ వైపు చూశాడు. నుదుటి చెమట కంట్లోకి దిగుతోంటే, క్లాసులో గడగడా అప్పజెప్పిన గొంతుతో కాదు, భయంభయంగా అడిగాడు.

"నాఖ్... ఓస్టెన్?"

"ఎంతవరకు?"

"ఒక్క అడుగు."

మేడక్క తూర్పుకి ఒక్క అడుగు వేసింది.