మొర్రి పెదవికి మాటలు నేర్పిన మా అత్తగారు

మా అత్తగారు పోయారు. పోయిన శుక్రవారం పొద్దున్నే కాఫీ తాగి, పటమటలోని మా ఇంటి వసారాలో చాప మీద ఒరిగిన మనిషి మళ్లీ లేవలేదు. పలకరించడానికి వచ్చినవాళ్లంతా "అదృష్టవంతురాలండీ, అనాయాసంగా వెళ్లిపోయారు" అంటున్నారు. అవునేమో. నాకు మాత్రం ఇల్లు బావురుమంటోంది.

మా అబ్బాయి గ్రహణం మొర్రితో పుట్టాడు. పై పెదవి ముక్కుదాకా చీలి ఉంది. చూడవచ్చిన చుట్టాల్లో ఒకావిడ ఉండబట్టలేక "గ్రహణం పూట కూర తరిగావా అమ్మాయ్?" అని అడిగేసింది. తరగడమా! ఆ పూట మా అత్తగారు నన్ను మంచం కూడా దిగనివ్వలేదు. అయినా ఆవిడ తొణక్కుండా, "నేనే తరగమన్నాను. అనేదేదో నన్ననండి, పచ్చి బాలింతరాల్ని ఎందుకు ఏడిపిస్తారు?" అన్నారు. ఆవిడ అబద్ధమాడగా నేను విన్నది అదొక్కటే.

వీడికి మాటలొస్తాయా అన్నదే నా బెంగ. ఎవరి కళ్లూ పడకుండా వాడి మొహం మీద కొంగు కప్పి ఉంచేదాన్ని. ఆపరేషనై కుట్లు మానినా ఆ అలవాటు పోలేదు. ఏడాది నిండాక "తాత", "అత్త" అన్నాడు గానీ, పెదవులు కలిపి పలికే మాట ఒక్కటీ రాలేదు. "అమ్మా" అనడేమోనని కుమిలిపోయాను.

ఒకరోజు మా అత్తగారు ఆ కొంగు లాగేశారు. "ఇట్లా మూటగట్టి దాస్తే వాడు నీ నోరెట్లా చూస్తాడే పిచ్చిదానా? ఎదురుగా కూచోబెట్టుకుని మాట్లాడు!"

ఆనాటి నుంచి వాణ్ణి చాచిన కాళ్ల మీద కూర్చోబెట్టుకుని, కూరలమ్మితో బేరం దగ్గర్నుంచి కిరసనాయిలు క్యూలో తగువు దాకా అన్నీ చెప్పేవారు. వాడు ఏ కూత కూసినా "ఆహా, అట్లాగా! తర్వాతేమైంది బాబూ?" అని అడిగేవారు. "బువ్వ" అని పెదవులు చప్పరించి చూపించేవారు. చివరికి వాడు పెదవులు కలిపి అన్న మొదటి మాట "మామ్మ". నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "నిన్నూ పిలుస్తాడులేవే, తొందరేం?" అన్నారు. మరో వారానికి పిలిచాడు కూడా.

శ్మశానానికి వెళ్లే దారిలో పాడె దించి, ఊపిరేమన్నా మిగిలుందేమోనన్న ఆశతో అయినవాళ్లు చెవిలో పిలుస్తారు. ఆడవాళ్లం వెళ్లం కదా, మావారు వచ్చి చెప్పారు.  మా అబ్బాయి కాలవగట్టు దుమ్ములో మోకాళ్ల మీద కూర్చుని "మామ్మా" అన్నాడట, స్పష్టంగా. మళ్లీ అన్నాడట. పాడె ఎత్తడానికి నలుగురూ వంగినా, వాడు మాత్రం ఆవిడ చెవి దగ్గర్నుంచి నోరు తీయలేదట.