గ్లాసుల చుట్టూ గడ్డి

వేంపల్లెలో గాజు సామాన్ల అంగడి నడిపే కృపమణి, చుట్టుపక్కల చర్చీలకు అమ్మడానికి ప్రభు బల్ల ఆరాధనలో ద్రాక్షరసం పోసిచ్చే చిన్న గ్లాసులను తొలిసారి చైనా నుంచి తెప్పించింది. పగలకుండా వరిగడ్డి చుట్టి పంపమని ఆమే చెప్పింది. వాళ్ల నాయన లాంతరు గాజులను సంతలకు అట్లాగే తీసుకుపోయేవాడు. ఒక్కటీ పగిలేది కాదు.

సరుకు చెన్నై రేవులో ఆగిపోయింది. పరాయి దేశపు గడ్డితో చీడపీడలు వస్తాయని, దాన్ని ప్యాకింగుకు వాడకూడదని చెప్పి, అధికారులు పెట్టెలను వెనక్కి పంపేయమన్నారు.

కృపమణి బస్సెక్కి కడపలో దిగుమతి ఏజెంటు అవినాష్ ఆఫీసుకు పోయింది. ఫీజు ముందే తీసుకున్నవాడు కదా, కాళ్లు బార్లా చాపుకుని కూర్చున్నాడు. ఆమె తన ఫోను అతని ముఖం ముందు పెట్టింది. ఓడ కదలకముందే అతనికి పంపిన ఫోటో అది. తెరిచిన పెట్టె నిండా గడ్డే. కింద "సూపర్ అక్కా" అని అతని జవాబు.

"ఇంత గడ్డి నీ కండ్లకు కనపళ్యా అప్పా?"

"కనపడిందిలే అక్కా. గడ్డి పెట్టొచ్చునా అని నువ్వు ఒక్క మాటన్నా అడగల్యా గదా!"

కృపమణి అరచేత్తో బల్లను చరిచింది.

"ఏమడగాల్నో నాకు తెలిసింటే, నీకాడికి ఎందుకొచ్చింటా?"