తొంభై కోసం చూసిన సరంగు

2001 అక్టోబరు చివర్లో మా బందరు బోటు ఒకటి పట్టుబడింది. అప్పుడు పోయినవేమిటో ముందు లెక్క చెప్తాను. నలభై రెండు అడుగుల బోటు ఒకటి. పన్నెండు వందల బారల తేలుడు వల. దిక్సూచి ఒకటి, వైర్‌లెస్ సెట్టు ఒకటి, చేతిలో ఇమిడే జీపీఎస్ ఒకటి. ఐసు పెట్టెలో ఉన్న వంజరాలు ఎన్నో ఎవరూ లెక్కపెట్టలేదు కాబట్టి రాయను. ఏడుగురు మనుషులకి తలా నూట నలభై మూడు రోజులు. గుణిస్తే వెయ్యిన్నొకటి. ఆ వెయ్యిన్నొక్క రోజులూ వాళ్ళు బంగ్లాదేశ్ జైల్లో గడిపారు. వాళ్ళని అక్కడికి చేర్చిన అంకె నా చేత్తో రాసింది.

గిలకలదిండి రేవు దగ్గర నాకు చిన్న కొట్టుంది. దిక్సూచులు సరిచేయడం, వైర్‌లెస్ సెట్లు బాగుచేయడం, జీపీఎస్ వాడటం సరంగులకి నేర్పడం నా పని. సరంగు అంటే బోటు నడిపే పెద్ద. నేను పదో తరగతి దాటలేదు. సముద్రపు లోతులూ, దీపస్తంభాలూ గుర్తుపెట్టిన పటాన్ని చార్ట్ అంటారు. దాన్ని చదవడం, బోటు ఎక్కడుందో లెక్కకట్టడం పాత కాగితాల వాడి దగ్గర తూకానికి కొన్న ఒక పుస్తకం ముందేసుకుని నేర్చుకున్నాను. పదకొండేళ్ళు పట్టింది.

అప్పుడప్పుడే జీపీఎస్‌లు వస్తున్నాయి. తెరమీద అన్నన్ని అంకెలు చూసేసరికి సరంగులకి చిరాకు. అందుకని నేనొక ఉపాయం చేశాను. కింది వరసలో, అంటే తూర్పుకి ఎంత వెళ్ళామో చెప్పే వరసలో, ముందు అంకెల మీదా చివరి అంకెల మీదా నల్ల టేపు అంటించేవాణ్ణి. మధ్యలో రెండంకెలే కనిపించేవి. ఎంతవరకు వెళ్ళొచ్చో ఒక అట్ట మీద ఎర్ర రంగుతో రాసి చుక్కాని పక్కన కట్టేవాణ్ణి. తెరమీద అంకె అట్టమీద అంకెకి చేరేలోపు వెనక్కి తిరగాలి. అంతే పాఠం. మా తీరంలో ఇది బాగానే నడిచింది. ఆ టేపు మీద నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

నాంచారయ్యది కోడూరు అవతల తీరం. వరసకి నన్ను బావా అంటాడు. ఆ ఏడు అతను ఒరిస్సాలో పారాదీప్ రేవుకి బోటు తీసుకెళ్ళి, అక్కణ్ణుంచి ఇంకా పైకి, బెంగాలు నదులు సముద్రంలో కలిసే చోటికి వేటకి వెళ్ళాలనుకున్నాడు. ఆ వైపు వెళ్తే పొరుగు దేశపు నీళ్ళు దగ్గర. హద్దుకి బాగా ఇవతలే ఆగాలంటే ఎక్కడ ఆగాలని పారాదీప్‌లో తెలిసినవాళ్ళని అడిగి తెప్పించాను. కాగితం మీద 88.90 అని వచ్చింది. అట్టమీద 90 అని రాశాను.

"బావా, ఈ జీపీఎస్ ఉంటే ఇంక సీసం గుండెందుకు?" అన్నాడు నాంచారయ్య. సీసం గుండుని తాడుకి కట్టి దించి లోతు చూసుకోవడం వాళ్ళ తాతల నాటి పద్ధతి.

"ఇంట్లో పెట్టేసుకో. తూకానికి పనికొస్తుంది," అన్నాను నేను.

ఇద్దరం నవ్వుకున్నాం.

మూడు వారాల తర్వాత నాంచారయ్య భార్య వెంకటేశ్వరమ్మ కొట్టుకి వచ్చింది. ఎండుచేపల గంపతో రోజూ గుడివాడ బజారుకి వెళ్ళే మనిషి. ఆ రోజు గంప లేదు. వెంట ఏడుకొండలు ఉన్నాడు. నాంచారయ్యతో జంటగా వేటకి వెళ్ళిన రెండో బోటు సరంగు అతను. పారాదీప్ నుంచి ఆ తెల్లవారే రైలు దిగాడు.

"అన్నయ్యగారూ, వాళ్ళని గస్తీ ఓడ పట్టుకుపోయిందంట. చేపలశాఖ ఆఫీసులో ఎక్కడ పట్టుకున్నారో రాసిమ్మంటున్నారు. ఢిల్లీకి పంపాలంట. అది మీకే తెలుసుద్దని వచ్చాం," అంది.

నేను చార్ట్ పరిచాను. ఏడుకొండలు దగ్గర జీపీఎస్ లేదు. అతను వేలు పెట్టి చూపించాడు. "ఇక్కడిదాకా ఇద్దరం కలిసే ఉన్నామండీ. నేను గుండు దించితే ఉన్నట్టుండి అడుగందలేదు. తాడంతా వదిలినా అందలేదు. ఇది మనకి తెలిసిన నీళ్ళు కాదని తిప్పేశాను. వైర్‌లెస్‌లో వాణ్ణి కూడా రమ్మన్నాను."

"ఏమన్నాడు?"

"ఎగతాళి చేశాడండీ. నీదింకా గుండు కాలమేరా, నాకు తెరమీద కనపడతంది, పదిహేడే ఉంది, తొంభైకి ఇంకా బోలెడు దూరం అన్నాడు. ఒక గంటకి మాట ఆగిపోయింది."

పదిహేడు. ఆ మాట చెవిన పడగానే నా చేతిలో పెన్సిల్ ఆగిపోయింది.

చదివేవాళ్ళకి ఇక్కడ కొంచెం వివరం చెప్పాలి. భూమి చుట్టుకొలతని డిగ్రీలుగా విభజిస్తారు. గంటలో లాగే డిగ్రీలో కూడా అరవై నిమిషాలుంటాయి. జీపీఎస్ డిగ్రీలూ నిమిషాలూ చూపిస్తుంది. కాగితం మీద వచ్చిన 88.90 మాత్రం డెసిమల్ లెక్క. అంటే డిగ్రీలో పదింట తొమ్మిది వంతులు, నిమిషాల్లో చెప్పాలంటే యాభై నాలుగు. నేను అట్టమీద యాభై నాలుగు రాయాలి. తొంభై రాశాను. నిమిషాల్లో తొంభై అనే అంకె ఎన్నటికీ రాదు. యాభై తొమ్మిది తర్వాత సున్నా వస్తుంది. డిగ్రీ ఎనభై ఎనిమిది పోయి ఎనభై తొమ్మిది అవుతుంది. ఆ మార్పు నా టేపు కింద ఉంది. పాపం నాంచారయ్య యాభై ఎనిమిది, యాభై తొమ్మిది చూసి, మళ్ళీ సున్నా, ఒకటి చూసి, తను ఇంకా ఎంతో ఇవతలే ఉన్నాననుకుని తూర్పుకి పోతూనే ఉన్నాడు.

యాభై నాలుగు నుంచి అరవైకి ఆరు, పైన పదిహేడు. మొత్తం ఇరవై మూడు నిమిషాలు. అంత ఉత్తరాన తూర్పు పడమరల నిమిషం నాటికల్ మైలుకి కొంచెం తక్కువ. లెక్క కడితే ఇరవై ఒకటిన్నర మైళ్ళు. రెండుసార్లు కట్టాను. రెండుసార్లూ అంతే వచ్చింది.

వాళ్ళిద్దరికీ ఆ పూట నేనేమీ చెప్పలేదు. పట్టుకున్న చోటు రేపు రాసిస్తానన్నాను. అది నిజమే గానీ, సగం నిజం.

కాగితం ఇంగ్లీషులో ఉండాలన్నారు. వెంకటేశ్వరమ్మ గుడివాడలో ఒక వకీలు గారింట్లో ఖాతాకి ఎండుచేపలు వేస్తుంది, ఆయన ఇంగ్లీషులో రాసిపెడతారంది. మర్నాడు ఉదయం పాసింజరు ఎక్కి ఇద్దరం బయల్దేరాం. పెడన దాటాక చెప్పేశాను. అట్ట, టేపు, తొంభై, యాభై నాలుగు, అన్నీ. ఆమె కిటికీలోంచి కోతకొచ్చిన చేలవైపు చూస్తూ విన్నది.

"చెప్పకపోతే నాకు తెలిసేది కాదుగా," అంది చివరికి.

"తెలిసేది కాదు."

"మరెందుకు చెప్పావన్నయ్యా?" 'గారు' పోయింది.

"వాళ్ళు కావాలని దాటలేదని నిరూపించేది అదొక్కటే చెల్లెమ్మా. కాగితంలో రాద్దామనుకుంటున్నా."

"రాస్తే ఇంక నీ కొట్టు గుమ్మం ఎవడు తొక్కుతాడు?"

"ఎవడూ తొక్కకపోతే మూసేస్తా."

"ముందు రాయి. ఆయనొచ్చాక తిడతాను. ఇప్పుడు తిడితే నువ్వు బెంబేలెత్తి అంకెలు తప్పు రాస్తావు," అంది.

వకీలు గారిది దివిసీమ మూలం. నా చార్ట్ బల్లమీద పరిచి కళ్ళజోడు సర్దుకుని, "హద్దు ఎక్కడండీ? ఏదీ గీత?" అన్నారు.

"గీత లేదండీ. నాలుగు చార్టులు తిరగేశాను. ఎందులోనూ లేదు."

ఆయన నవ్వారు. "ఎందుకుంటుంది? మనవాళ్ళది ఒక గీత, వాళ్ళది ఒక గీత. నది నోట్లో ఒక ఇసకదిబ్బ తేలింది, అది మాదంటే మాదని రెండు దేశాలూ జెండాలు పట్టుకుని కూర్చున్నాయి. ఆ దిబ్బ ఎవరిదైతే దాని ముందున్న సముద్రం వాళ్ళది. మా తాతగారు కృష్ణలో లంక కోసం అవతలి ఒడ్డు వాళ్ళతో ముప్పయ్యేళ్ళు వ్యాజ్యమాడారు. వాళ్ళు రాత్రికి రాత్రి పుచ్చపాదులు పెడితే, మేం పగలు గేదెల్ని తోలేవాళ్ళం."

"ఎవరు గెలిచారండీ?" అంది వెంకటేశ్వరమ్మ.

"కృష్ణమ్మ గెలిచింది. వరదకి లంక కొట్టుకుపోయింది. ఈలోపు దెబ్బలు తిన్నది మాత్రం పాలేర్లు."

"మావాళ్ళ లాగా," అంది ఆమె.

ఆయన నవ్వు ఆపేశారు. తర్వాత నేను అక్కడే కూర్చుని తెలుగులో రాసిన కాగితం చదివి, "మీరు సంతకం పెడితే రేపు బోటు యజమాని మీమీద దావా వేయొచ్చు, తెలుసా?" అన్నారు.

"వేసినా వేయకపోయినా అంకె మారదండీ."

ఆ కాగితంలో మూడు సంగతులున్నాయి. బోటు ఎక్కడ పట్టుబడి ఉంటుందో నా అంచనా. అట్టమీద అంకె నాదని, తప్పని, ఆ తప్పు ఎలా జరిగిందో బొమ్మతో సహా వివరణ. టేపు నేనే అంటించానన్న ఒప్పుకోలు. అట్ట మీద 90 ఎలా రాశానో అదే చేత్తో, అదే ఎర్ర రంగుతో పక్కన మళ్ళీ రాసి చూపించాను. చేపలశాఖ ద్వారా ఒక ప్రతి, వకీలు గారి స్నేహితుల ద్వారా ఒక ప్రతి వెళ్ళాయి.

రేవులో సంగతి పొక్కడానికి ఒక్కరోజు పట్టింది. నాకు తెలిసిన పదహారు బోట్ల మీద నా టేపు ఉంది. నేనే ఒక్కో బోటూ ఎక్కి పీకాను. కొందరు తిట్టారు, ఒకాయన మంచినీళ్ళిచ్చాడు. రెండు నెలలు కొట్టులో ఈగలు తోలుకున్నాను. బోటు యజమాని వచ్చి ఎదురుగా కూర్చుని, "నిన్నేం చేయాలో తెలీటం లేదు," అన్నాడు. నాకూ తెలియలేదు. టీ తెప్పించాను. తాగి వెళ్ళిపోయాడు. దావా వేయలేదు.

మార్చిలో ఏడుగురూ తిరిగొచ్చారు. బోటు రాలేదు. నాంచారయ్య చిక్కిపోయాడు గానీ నోరు చిక్కలేదు. అక్కడి కోర్టులో ఏం జరిగిందో కొట్టు ముందు నిలబడి పదిమందికీ అభినయించి చూపించాడు.

"జడ్జీ గారు నా జీపీఎస్ తెప్పించారు. ఎక్కడున్నాననుకున్నావని దుబాసీ చేత అడిగించారు. తొంభై రాలేదు బాబూ, వస్తే తిరిగేవాణ్ణే అన్నాను. ఆయన చేతిలో ఏదో కాగితం ఉంది, దానిమీద బావ రాత! ఎర్రగా, తొంభై! అట్ట పక్కన పెట్టి చూశారు. తర్వాత గోటితో ఆ టేపు పీకి, కింద చూసి, నావైపు చూసి, తల కొట్టుకున్నారు."

"ఆయన తలేనా?" అన్నాడు ఏడుకొండలు.

"ఆయన తలే. నా తల బావ కోసం దాచిపెట్టా."

వెంకటేశ్వరమ్మ మాట తప్పలేదు. ఆ మర్నాడే వచ్చి రేవంతా వినేలా తిట్టింది. గోడ గడియారం నాకు ఎదురుగా ఉంది కాబట్టి చెప్పగలను, పదకొండు నిమిషాలు. చివర్లో మంచినీళ్ళు అడిగి తాగి, ఒక పొట్లంలో ఎండు నెత్తళ్ళు బల్లమీద పెట్టి వెళ్ళింది. ఈ కొట్టు పెట్టాక నేను అంత తేలికపడ్డ రోజు ఇంకోటి లేదు.

వాళ్ళని వదిలింది నా కాగితం వల్లేనని నేననను. అక్కడివాళ్ళు కొందరు ఇక్కడ పట్టుబడి ఉన్నారని, ఇచ్చిపుచ్చుకోవడం జరిగిందని కూడా విన్నాను. దేని వంతు ఎంతో తేల్చే లెక్క నాకు రాదు. నాంచారయ్య ఆ రోజు ఏ దేశపు నీళ్ళలో ఉన్నాడో కూడా కచ్చితంగా చెప్పలేను. మన గీత ప్రకారం ఇంకా మన నీళ్ళలోనే ఉన్నాడేమో. చాలా ఏళ్ళ తర్వాత ఆ వ్యాజ్యం తేలింది, రెండు దేశాలూ ఒప్పుకున్నాయి. అప్పటికే ఆ ఇసకదిబ్బ సముద్రంలో మునిగిపోయింది. వకీలు గారి లంక లాగే.

నేను నేర్చుకున్నది చిన్న విషయం. మనిషికి తేలికగా ఉంటుందని అంకెని కప్పకూడదు. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చిన ప్రతి సరంగుకీ తెరమీద అన్ని అంకెలూ చదవడం నేర్పాను. ఒక్కొక్కరికి వారం పట్టింది, ఒకాయనకి నెల పట్టింది. అందరూ నేర్చుకున్నారు. వాళ్ళకి రాదనుకున్నది నేనే. రెండోది, ఎవరి చేతా సీసం గుండు ఇంట్లో పెట్టించలేదు. తెర ఏం చెప్పినా, అడుగు అందకపోతే ఆగి ఆలోచించాలి.

కొట్టు మళ్ళీ నడిచింది. తప్పు రాసి సంతకం పెట్టినవాడు ఇంకోసారి జాగ్రత్తగా ఉంటాడని కాబోలు, ముందుకంటే ఎక్కువమందే వచ్చారు.

నాంచారయ్య ఇప్పుడు వేరే బోటు మీద వెళ్తున్నాడు. వచ్చినప్పుడల్లా ముందు అడిగేది ఒకటే. "బావా, నా ఇరవై ఒకటిన్నర మైళ్ళు ఎప్పుడిస్తావ్?" మైళ్ళు తిరిగివ్వడం ఎలాగో నాకు తెలియదన్నాను. అతనే దారి చూపించాడు. అతని పని ఏది ఊరికే చేసిపెట్టినా ఒక మైలు కొట్టేస్తాడు. వైర్‌లెస్ తీగ అతికించినందుకు ఒకటి, దిక్సూచి సరిచేసినందుకు ఒకటి. వెంకటేశ్వరమ్మ తిట్టిన తిట్లకి కూడా ఒకటి తగ్గించమని అడిగాను. అది వేరే ఖాతా అన్నాడు. గోడమీద సుద్దతో గీతలు పెడుతున్నాను. మొన్న కొత్త జీపీఎస్‌కి బ్యాటరీలు మార్చాక లెక్కపెడితే పన్నెండు తీరాయి.

నేటికి బాకీ తొమ్మిదిన్నర మైళ్ళు.