కోతపండుగకు వెళ్లిన కోడి

మా పక్కింటి నతానియేల్ గారు రిటైరయ్యాక ఇంట్లో పొయ్యి వెలిగించడం మానేశారు. పొద్దున్నే భార్య సలోమి టీచరును స్కూటరు మీద ఎక్కించుకుని రెజిమెంటల్ బజార్‌కు టిఫినుకు వెళ్లిపోయేవారు. మధ్యాహ్నం ఒక మెస్సు నుంచి క్యారేజీ వచ్చేది. సాయంత్రం ఇరానీ హోటల్లో చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. "ఇన్నేండ్లు వండిపెట్టింది కుసుమమ్మా, ఆమెకు సుత రిటైర్మెంట్ ఇయ్యాలె గద" అని నాతో అంటూ నవ్వేవారు. మా లాలాగూడ గల్లీలో ఆడవాళ్లందరం ఆ మాట పట్టుకుని ఇళ్లలో మొగుళ్లను దెప్పాం. మా సుబ్బరాజు గారు అప్పటికే పోయారు కాబట్టి నేను ఫొటోను దెప్పాను.

అసలు సంగతి వేరు. టీచరు గారు గ్యాసు తిప్పి, వెలిగించడం మర్చిపోయి, పెరట్లోకి వెళ్లి పిట్టల్ని చూస్తూ కూర్చునేవారట. రెండోసారి ఇల్లంతా వాసన కొట్టాక ఆయన సిలిండరు పైపు పీకి అటక మీద పడేశారు. ఎందుకు పీకారో ఎవరికీ చెప్పలేదు. హోటల్లో కూడా సర్వరు ఆవిడను అడగకముందే ఆవిడకు కావలసిందీ తనే చెప్పేసేవారు. ఆవిడ తిన్న ప్లేటు పక్కకు జరిపి "మన టిఫిను ఇంకా రాలేదేం?" అని అడిగితే, "నాకే ఆకలైతలేదు, పోదాం పా" అని లేచేసేవారు.

ఇంత దాపరికం ఎందుకంటే, ఆవిడ టీచరు. మా గల్లీలో ఆవిడ దగ్గర చదువుకోని ఇల్లు లేదు. చర్చిలో ఆదివారం బడి కూడా ఆవిడే నడిపేవారు. దారిలో ఆవిడ కనిపిస్తే ఉద్యోగాలు చేసుకుంటున్న మగాళ్లు కూడా బండి ఆపి నమస్కారం పెడతారు. ఆ నమస్కారంలో జాలి కలిస్తే చూడలేనని ఆయన భయం. వర్క్‌షాపులో బోగీలు బాగుచేసిన మనిషి, రిటైరయ్యాక భార్య మతిమరుపు ఎవరి కంటా పడకుండా కాపలా కాయడం పనిగా పెట్టుకున్నారు. నాకైతే ఒళ్లు మండుతుంది. గోడకు ఇవతల నేనొకదాన్ని బతికే ఉన్నాను కదా, ఒక్క ముక్క చెప్తే ఏం పోయేది?

ఆ కాపలాకు పెరడు బాగా అనుకూలంగా ఉండేది. కాకరపందిరిలో పిగిలిపిట్ట గూడు, జామచెట్టు మీద ఉడుతలు, మూలనున్న రాళ్లకుప్పలో ఒక ముంగిస. మధ్యాహ్నం ఎదురింటి పిల్లి వచ్చి ఆయన కుర్చీ కింద పడుకుని, క్యారేజీలో చేప ఉంటే తిని వెళ్లేది. సైన్సు చెప్పిన మనిషి కాబట్టి టీచరు గారికి ఏ పిట్ట ఎప్పుడు గుడ్లు పెడుతుందో కంఠతా వచ్చు. తర్వాత తర్వాత ఆవిడ అడగడం, ఆయన చెప్పడం మొదలైంది. "అది ఏం పిట్టండీ?" "జెముడుకాకి. నువ్వే చెప్పినవ్ గద నాకు." గోడవతల ఈ మాటలు వినబడుతుంటే, పెద్దతనంలో మొగుడిచేత పాఠం అప్పజెప్పించుకుంటున్నారని నేను ముచ్చటపడ్డాను.

ఆ పెరట్లోకి రోజూ వెళ్లే ఇంకో చుట్టం మా కోడి. చుక్కలకోడి, పేరు చుక్కమ్మ. మేము రాజులం, కోడి తినని వాళ్లమేం కాదు. కానీ మా ఆయన పోయిన ఏడు పిల్లగా వచ్చి నా మంచం కోడు పక్కన పడుకున్న కోడి అది. దాన్ని కూర వండాలని నాకెప్పుడూ అనిపించలేదు. గంప ఎత్తగానే పిట్టగోడ ఎక్కి టీచరు గారి దగ్గరికి దూకేది. ఆవిడ నూకలు చల్లేవారు. ఎవరి కోడో తెలియనివాళ్లు చూస్తే ఆవిడదే అనుకుంటారు. చివరికి ఆవిడా అదే అనుకున్నారు.

నవంబరులో వాళ్ల చర్చిలో కోతపండుగ వచ్చింది. ఆ రోజు ఎవరింట్లో పండింది, పెరిగింది వాళ్లు దేవుడికి తెస్తారు. బియ్యం, గుమ్మడికాయలు, గుడ్లు, కోళ్లు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. కొన్నవాళ్లు చాలామంది మళ్లీ సంఘానికే ఇచ్చేస్తారు, అది అక్కడే వంటలోకి వెళ్తుంది, అందరూ కూర్చుని ప్రేమవిందు తింటారు. వేలం వేసేది ఎప్పుడూ నతానియేల్ గారే. సుత్తుల చప్పుడును మించి మాట్లాడి మాట్లాడి పెరిగిన గొంతు ఆయనది.

ఆ ఉదయం ఆయన సామాన్లు సర్దడానికి ముందే వెళ్లారు. టీచరు గారు తర్వాత ఆయన మాట్లాడిపెట్టిన ఆటోలో, కాకరకాయల సంచితో వచ్చారు. గుమ్మడికాయలూ గుడ్లూ వేలం వేసేశాక, ఎవరో వెనకనుంచి కాళ్లు కట్టిన ఒక కోడిని తెచ్చి ఆయన చేతిలో పెట్టి, "సలోమి టీచరు గారి కానుక" అన్నారు. చూస్తే చుక్కమ్మ.

ఆయన ముందు వరుసలో ఉన్న భార్య వైపు చూశారు. పట్టుచీర కట్టుకుని, ఇంట్లో పెంచింది ఇచ్చిన సంతోషంతో ఆవిడ తలెత్తి కూర్చున్నారు. ఇది మాది కాదు, పక్కింటివాళ్లది అని ఒక్క మాట అంటే చాలు. అప్పుడు టీచరు గారు దొంగైనా కావాలి, మతి లేని మనిషైనా కావాలి, అదీ సంఘమంతటి ముందు. తనే కొనేద్దామంటే, వేలం వేసేవాడు పాట పాడకూడదన్నది వాళ్ల కట్టుబాటు. ఆయన వేలం మొదలుపెట్టారు.

కోళ్ల మీద ఆశ తక్కువున్న ఎవరికైనా పోతే తర్వాత వెళ్లి బతిమాలి తెచ్చుకోవచ్చని, ఆయన "రెండోసారి" దగ్గర సాగదీస్తూ నిలబడ్డారట. అక్కడే దెబ్బతిన్నారు. నతానియేల్ అన్న ఇంతగా ఆగుతున్నాడంటే కానుకకు మంచి ధర రావాలని చూస్తున్నాడని జనం అనుకున్నారు. పోటీ పెరిగింది. చివరికి బుల్లబ్బాయి అనే కాంట్రాక్టరు అందరినీ దాటి పాడి, "మా టీచరమ్మ కోడి! నేను ఇంటికి తీస్కపోను. వంటకు పంపుండ్రి, అందరు తినాలె" అని కేకేశాడు. చప్పట్లు కొట్టారు. నతానియేల్ గారు కిందికి దిగి, జనాన్ని తప్పించుకుని వంటపాకలోకి వెళ్లేసరికి ఈకలు ఊడుతున్నాయి.

విందులో కూర వడ్డించింది టీచరు గారే. బకెట్టు పట్టుకుని వరుసలో వస్తూ భర్త దగ్గర ఆగి, "బాగుందా?" అని అడిగారు. "మస్తుగుంది" అన్నారాయన. ఆవిడ ఇంకో గరిటె వేశారు. అదీ తిన్నారు.

నాకు ఇదంతా అప్పుడు తెలియదు. సాయంత్రం నేను గల్లీ అంతా చుక్కమ్మా, చుక్కమ్మా అని తిరిగి, గొంతు పోయాక ఆయన గేటు తట్టాను. ఆయన తలుపు సగమే తెరిచారు. "ముంగిస పట్టుకపోయింది కుసుమమ్మా. నేను చూసిన" అన్నారు. నేను ఏడ్చాను. కోడి కోసం ఏడవడం ఏమిటని నవ్వేవాళ్లను నవ్వనీ. మర్నాడే కూలీని పెట్టి ఆ రాళ్లకుప్ప ఎత్తించేశాను. ముంగిస మళ్లీ కనబడలేదు. ఆయన గోడ దగ్గర నిలబడి చూశారు.

అబద్ధం చెప్పి భార్యను గట్టెక్కించానని ఆయన అనుకుని ఉంటారు. కానీ తెల్లారి ఆవిడ నూకల పళ్లెం పట్టుకుని పెరట్లోకి వచ్చారు. "చుక్కమ్మ ఇంకా రాలేదేమండీ?" నేను ఇవతల అంట్లు తోముతున్నాను, వింటానని ఆయనకు తెలుసు. నాకు చెప్పిన మాటే ఆవిడకూ చెప్పారు. ముంగిస పట్టుకుపోయిందని. ఆవిడ "అయ్యో, అయ్యో" అని చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చారు. ఆ మర్నాడు మళ్లీ పళ్లెం, మళ్లీ అదే ప్రశ్న, మళ్లీ అదే ఏడుపు, అప్పుడే విన్నట్టు. ఆ తర్వాతి రోజూ అంతే. కోడిని పోగొట్టుకున్నదాన్ని నేను, ఒకసారి ఏడ్చి ఊరుకున్నాను. ఆవిడకు రోజూ కొత్తగా పోతోంది.

అప్పుడు గానీ నా మొద్దు బుర్రకు ఎక్కలేదు. గ్యాసు, హోటళ్లు, పిట్టల పేర్లు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చాయి. ఆవిడ లోపలికి వెళ్లాక గోడ దగ్గరికి వెళ్లి, "నతానియేల్ గారూ, ఎన్నాళ్ల నుంచండీ ఇది?" అన్నాను.

ఆయన గోడ పట్టుకున్నారు. కోతపండుగ సంగతి మొత్తం చెప్పేశారు, వేలం, వంటపాక, రెండో గరిటె, ఏదీ దాచకుండా. "మీ కోడిని తిన్న కుసుమమ్మా. తిట్టుండ్రి, ఎంత తిడ్తరో తిట్టుండ్రి" అన్నారు. తిడదామనే అనుకున్నాను, ముంగిస ఉసురు కూడా నాకు చుట్టారు కదా. ఆయన మొహం చూశాక మానేశాను. "ఆమెకు యాది ఉంటలేదు. రెండేండ్లాయె. ఎవ్వరికి చెప్పలె" అన్నారు.

"ఎవరికండీ?" అని వెనకనుంచి వినబడింది. టీచరు గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. "ఎవరికి జ్ఞాపకం ఉండట్లేదు, పాపం?"

"మా వర్క్‌షాపు దోస్తు భార్యకు" అన్నారాయన, అటు తిరక్కుండా.

"అయ్యో. ప్రార్థన చేద్దాం ఉండండి. ఆమె పేరేంటి?"

వేలంపాటలో చర్చి ఆవరణంతా వినబడే మనిషి తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. "మార్త అండి" అన్నాను నేను. నోటికి ఏదొస్తే అదన్నాను.

ఆవిడ కొంగు తలమీదికి లాక్కుని కళ్లు మూసుకున్నారు. ఇప్పుడే తిన్న టిఫిను గుర్తుండని మనిషికి ప్రార్థన ఒక్క మాట తడబడలేదు. "ప్రభువా, మార్తమ్మను నీ చేతికి అప్పగిస్తున్నాం. ఆమె మర్చిపోయినవాళ్లు ఆమెను మర్చిపోకుండా చూడు. ఆమెను చూసుకుంటున్న భర్తకు ఓపిక ఇవ్వు. ఒక్కడే మోస్తున్నాడేమో తండ్రీ, ఆయనకొక తోడు పంపించు." ఆమెన్ అనాల్సిన చోట ఆయన అనలేకపోయారు. నేనే అన్నాను.

టీచరు గారు కళ్లు తెరిచి, భుజం మీది తువ్వాలులో మొహం దాచుకున్న భర్తను చూసి కంగారుపడ్డారు. దగ్గరికొచ్చి వీపు నిమిరారు.

"ఎందుకండీ అంతలా ఏడుస్తారు? బాగా దగ్గరివాళ్లా?"

"ఔ, సలోమీ" అన్నారాయన. "బాగా దగ్గరోళ్లు."