పెంచితే అందరి పేర్లూ పెంచాలి

మొన్న మా తమ్ముని కూతురు, పాత సామాన్లలో దొరికిన సీడీని తన కంప్యూటరులో వేసి, "అత్తా, ఇది నువ్వు చేసిన పేజీయేనా?" అని పిలిచింది. పోయి చూస్తే రంగులు లేవు, గీతలు లేవు, తెల్లటి తెర మీద నల్లటి పేర్లు ఒకదాని కింద ఒకటి బోసిగా ఉన్నాయి. పేజీకి రంగూ రూపూ ఇచ్చే స్టైల్ షీటు పాడైపోయినట్టుంది. పేర్లలో మా తమ్మునిదీ ఉంది.

ప్రొద్దుటూరులో నేను కంప్యూటర్ సెంటర్ నడుపుకునే రోజులవి. నా ఈడు వాళ్లకు వేరే చెప్పాలా, ఫ్యాక్షన్ పగల కాలం, జమ్మలమడుగు బస్సెక్కిన మగవాడు తిరిగి ఇల్లు చేరేదాకా ఆడవాళ్లు ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని కూర్చునేవాళ్లం. మా తమ్ముడు ఆ దారిలోనే ఒక పార్టీ పెద్దాయన జీపు తోలేవాడు. కొత్త టైర్లు వేసినప్పుడల్లా గండి ఆంజనేయస్వామి దగ్గరకు తీసుకుపోయి చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించేవాడే గాని, ఏ పార్టీ జెండా పట్టినవాడు కాదు. ఒకనాడు ఆ జీపు మీద బాంబులు పడి ఇద్దరూ పోయారు. మర్నాడు పత్రికలో పెద్దాయన పేరు పిడికిలంత అక్షరాల్లో వేసి, అడుగున 'డ్రైవరు కూడా' అని రాశారు. ఆ రాత మీద నా కసి ఇప్పటికీ చల్లారలేదు, చల్లార్చుకోవాలనీ లేదు.

తమ్ముణ్ణి ఆ జీపు మీద పనికి పెట్టించింది పులివెందులలో ఉండే మా మేనమామ. ఆయన పార్టీ మనిషి. ఎలక్షన్లు దగ్గరపడగానే, పార్టీ కోసం ప్రాణాలిచ్చినవాళ్ల పేర్లతో ఇంటర్నెట్టులో పేజీ చేయాలని ఆ పని నాకే తెచ్చాడు. అప్పుడు కొత్తగా నేర్చుకున్న పద్ధతి ఏమంటే, పేజీలో ఏది పేరో, ఏది ఊరో గుర్తులు పెట్టి రాసుకుని, అవి ఎట్లా కనబడాలో స్టైల్ షీటు అనే వేరే ఫైలులో చెప్పడం. పేరు ఇంత కొలత ఉండాలని అందులో ఒక్కచోట రాస్తే పేర్లన్నీ ఆ మాట వినేవి, పెద్దింటివాళ్లవైనా కూలివాళ్లవైనా. మా సీమలో ఏ పంచాయతీలోనూ దొరకని న్యాయం అది!

మామ వచ్చి తెర చూసి ముఖం చిట్లించాడు.

"ఏంది పాపా ఇది? పెద్దాయన పేరు, డ్రైవరు పేరు ఒక కొలతేనా? ఆయప్పది పెంచు."

స్టైల్ షీటు తెరిచి పెంచాను. అన్నీ పెరిగాయి, తమ్మునిదీ పెరిగింది.

"అందరివీ ఏంటికి పెంచుతాండావు? ఆయప్పదొకటే పెంచే దారి లేదా?"

లేదని ఒక అబద్ధం ఆడితే సరిపోయేది, కానీ నాకు ఒళ్లు మండింది.

"ఉండాది మామా. ఒక్క ముక్క రాస్తే చాలు. రాయను. వాన్ని ఆ జీపెక్కించింది నువ్వే, పేరన్నా సరిగా ఉండనీ."

పార్టీతో పెట్టుకుంటే సెంటర్ మూసుకోవాల్సి వస్తుందన్నాడు. మూసుకుంటానన్నాను. నా ముఖం చూడలేక లేచి వెళ్లిపోయాడు.

పేజీని వేరేచోట చేయించుకున్నారు. అందులో పెద్దాయన పేరు తెర నిండా ఉంది, మా తమ్ముడు 'తదితరులు'లో కలిసిపోయాడు. ఎలక్షన్లయ్యాక దాని ముఖం చూసిన నాథుడు లేడు. పార్టీ పనులు మళ్లీ నా గడప తొక్కలేదు, అయినా పరీక్షా ఫలితాలు చూసుకునే పిల్లలతో నా సెంటర్ బాగానే నడిచింది. నా పేజీని సీడీలో దాచుకున్నాను.

ఇప్పుడు బాంబుల కాలం పోయింది, సంతోషమే. మైదుకూరు రోడ్డు పొడుగునా ఫ్లెక్సీలు, ఒక్కో దాంట్లో గుమ్మడికాయంత తల ఒకటి, కింద ఆవగింజంత తలలు. ఆ కొలతలు మాత్రం మారలేదు.

మేనకోడలు కొత్త స్టైల్ షీటు రాయడానికి కూర్చుని, "అత్తా, మా నాయన పేరొకటే రవ్వంత పెద్దగా పెట్టేదా?" అంది. తండ్రిని ఫోటోలో తప్ప ఎరగని పిల్ల. నాకు మాత్రం ఆశ లేదా?

"వద్దమ్మా," అన్నాను చివరికి. "పెంచితే అందరివీ పెంచు."

పెంచింది. పెద్దాయన పేరూ పెరిగింది, మా తమ్మునిదీ పెరిగింది.