స్టేటస్‌లో ఇరవై నిమిషాలు

ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర నరేందర్‌కు ఫ్లెక్సీల దుకాణం ఉంది. తండ్రి సిద్దిరాములు గోడల మీద అక్షరాలు రాసి బతికిన మనిషి. కొడుకు కామారెడ్డిలో డిగ్రీ చదివి కంప్యూటర్ ముందు కూచున్నాడు. పుట్టినరోజైనా పెండ్లయినా శ్రద్ధాంజలైనా అరగంటలో తయారు. మహారాష్ట్ర సరిహద్దున ఉన్న మద్నూర్ నుంచి మరాఠీ బ్యానర్ల కోసం కూడా వస్తారు. చేసిన ప్రతి పనినీ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం అతని అలవాటు. దుకాణానికి అంతకుమించి ప్రచారం లేదు. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరు పోయారో జనం అందులోనే చూసుకునేవారు. అందుకతనికి కొంచెం గర్వం కూడా ఉండేది.

ఫోను వచ్చి మనుషుల్ని దూరం చేసిందని వేదికలెక్కి వాపోయేవాళ్లు ఆ దుకాణంలో ఒక పూట కూచుంటే బాగుంటుంది. దూరం మాటేమో గానీ, ఫోను మనిషి సిద్ధపడకముందే కబురు తెచ్చి ఒళ్లో పడేస్తుంది. అయితే నరేందర్ కథలో తప్పు ఫోనుది కాదు.

మొన్న ఎండాకాలంలో అతని ఊరి సాలవ్వ తెల్లవారుజామున పోయింది. వరసకు పెద్దమ్మ. పొద్దున్నే ఆమె కొడుకు భీమేష్ దుకాణానికి వచ్చి, ఏదో పెండ్లిలో దిగిన ఫొటో ఇచ్చాడు. అందులో సాలవ్వ భుజం మీద కూతురు శాంతవ్వ చెయ్యి ఉంది. నరేందర్ మౌసుతో ఆ చేతిని చెరిపేశాడు. శాంతవ్వ ఉండేది కామారెడ్డిలో, బీడీలు చేస్తుంది.

బండి ఎక్కబోతూ భీమేష్ ఒకే మాట చెప్పాడు. "అక్కకు ఇంకా తెల్వదు తమ్మీ. ఇంటికాడ పనులు చూసి నేను పోయి తోలుకొస్త. అప్పటిదాంక ఏడా పెట్టకు."

ఆడబిడ్డకు తల్లి చావును గడపలో నిలబడి చెప్పరు అక్కడ. పాణం బాగలేదు, జర రమ్మన్నరు అంటారు. అది అబద్ధమని చెప్పేవాడికీ తెలుసు, వినేదానికీ సగం తెలుసు. అయినా ఊరు చేరేదాకా ఎవరూ ఆ మాట బయటికి అనరు. తల్లి పోయిందని ఒప్పుకోవడానికి కూతురికి ఇచ్చే గడువు అది.

పదిన్నరకు శ్రద్ధాంజలి కార్డు పూర్తయింది. దీపం, పూలు, నీలాకాశం, కింద 'దుఃఖంతో కుమారుడు భీమేష్'. భీమేష్ ఫోనుకు పంపాడు, వెంటనే చెయ్యి అలవాటు కొద్దీ స్టేటస్‌లోనూ పెట్టేసింది. ఇరవై నిమిషాలకు భీమేష్ మాట గుర్తొచ్చింది. తీసేశాడు. అప్పటికే నూటపది మంది చూశారు. ఆ నూటపది మందిలో ఎవరో దాన్ని ఫొటో తీసి ఇంకెవరికో పంపారు. కామారెడ్డిలో శాంతవ్వ పక్కింటి శ్రీలత ఫోను పట్టుకుని వచ్చి, అక్కా, గీమె మీ అవ్వనేనా అని అడిగింది.

కాసేపటికి భీమేష్ వెళ్లి, అవ్వకు బాగలేదని మొదలుపెట్టాడు. శాంతవ్వ ఫోనులో అతని పేరున్న కార్డు ముందు పెట్టి, లోకమంతా చదివాక తనకు అబద్ధం చెప్పడానికి వచ్చావా అని అడిగిందట. తమ్ముడి బండి ఎక్కలేదు. బస్సులో వచ్చింది.

ఫ్లెక్సీ కట్టడానికి వెళ్లిన నరేందర్ కళ్లారా చూశాడు. వచ్చిన వాళ్లందరి మెడలు పట్టుకుని ఏడ్చిన శాంతవ్వ, తమ్ముడు చేతులు చాచి ఎదురొస్తే పక్కనుంచి వెళ్లిపోయింది. వాకిట్లో ఆడవాళ్లంతా ఒక్క క్షణం ఏడుపు ఆపి మరీ చూశారు.

మర్నాడు భీమేష్ దుకాణానికి వచ్చి, కార్డు ఎట్ల బయటపడింది తమ్మీ అన్నాడు. నువ్వు పంపిన చుట్టాలే ఎవరో తిప్పి ఉంటారు అన్నాడు నరేందర్. భీమేష్ నిజంగానే ఇద్దరికి పంపి ఉన్నాడు. అందుకే నమ్మాడు. తప్పంతా తనదేనని తల వంచుకుని పోయాడు. దినాలకు శాంతవ్వ వచ్చింది గానీ విస్తరి ముందు కూచోలేదు. ఈ వాకిట్లకు ఇదే ఆఖరని పక్కింటి సుభద్రమ్మతో అని, పొద్దు వాలకముందే వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి నరేందర్ స్టేటస్ ఖాళీ. ఒప్పుకుంటూ శాంతవ్వకు పెద్ద మెసేజీ టైపు చేశాడు. చదువుకుంటే బాగానే ఉంది. బాగా ఉండడమే సిగ్గనిపించి చెరిపేశాడు. మూడో రోజు షట్టర్ దించి కామారెడ్డి బస్సెక్కాడు.

శాంతవ్వ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. రా తమ్మీ అని నీళ్లిచ్చింది. అతను తాగకుండానే చెప్పేశాడు. స్టేటస్, ఇరవై నిమిషాలు, భీమేష్‌తో ఆడిన అబద్ధం, అన్నీ.

ఆమె చేతులు ఆగలేదు. ఒక బీడీ పూర్తిగా చుట్టి దారం కట్టింది.

"పెట్టకుమని చెప్పిండా వాడు?"

"చెప్పిండక్కా."

"వానికి చెప్పినవా ఈ ముచ్చట?"

"ఇంకా లేదు."

"నా దగ్గరికి ఎందుకొచ్చినవ్ మరి? ఆడిదాన్ని, ఏడ్సి ఊకుంట అనుకున్నవా?"

నరేందర్ నీళ్ల గ్లాసు కింద పెట్టాడు. నిజమే. భీమేష్ కొడతాడేమోనని కాదు, భీమేష్ నమ్మాడు కాబట్టి అతని ముఖం చూడలేక ఇటు వచ్చాడు.

శాంతవ్వ చాట పక్కన పెట్టి చేతికంటిన పొగాకు దులుపుకుంది. ఫోను తీసి నొక్కి, స్పీకర్ పెట్టి, అతని మోకాలి ముందు నేల మీద ఉంచింది. రెండు రింగులు కూడా పూర్తిగా పోలేదు.

"అక్కా," అన్నాడు అవతల భీమేష్. "అక్కా, నువ్వేనా? మాట్లాడవే."

ఆమె నరేందర్ వైపు చూస్తూ కూచుంది. అవతల భీమేష్ అక్కను పిలుస్తూనే ఉన్నాడు.

"అక్క ఈడనే ఉన్నదన్నా. నేను, నరేందర్‌ను," అన్నాడు చివరికి. "గా కార్డు నేనే పెట్టిన."